ముప్పది తొమ్మిది అంకెల ప్రధాన సంఖ్య

చదరంగపు గడుల లెక్క వినని తెలుగువారు అరుదు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఈ విధముగా అరువదినాలుగు గడులలోను రెట్టింపు చేసుకొంటూ పోతే మొత్తము గింజలెన్ని? ఆ మొత్తమును అంకెలకు బదులుగా శరము, చంద్రుడు, రంధ్రము, ఆకాశము వంటి మాటలతో చెప్పిన పాత పద్యము ఒకటి మనకున్నది. శరమనగా ఐదు, చంద్రుడనగా ఒకటి, ఆకాశమనగా సున్న. మాటలను వరుసగా అంకెలుగా మార్చి, కుడినుంచి ఎడమకు పేర్చుకొంటే 18,446,744,073,709,551,615 అనే సంఖ్య వచ్చును. ఏ గడివరకు చూచినా, మొత్తము గింజలు ఆ తరువాతి గడిలో పడవలసిన గింజలకంటె ఒకటి తక్కువ. కాబట్టి ఈ సంఖ్య రెండును అరువదినాలుగు మార్లు వేసి గుణించగా వచ్చినదానికంటె ఒకటి తక్కువ. గణితములో దీనిని 2⁶⁴ – 1 అని వ్రాస్తారు.

చివరి అంకె ఐదు కాబట్టి ఈ సంఖ్య ఐదుతో భాగింపబడునని చూడగానే తెలియును. అది మాత్రమే కాదు. 3, 5, 17, 257, 641, 65,537, 6,700,417 అనే ఏడు సంఖ్యల గుణకారమే ఈ గింజల రాశి.

ఇప్పుడు పలకమీద అరువదినాలుగు గడులకు బదులు నూటయిరువదియేడు గడులు ఉన్నవనుకొందాము. అప్పుడు మొత్తము గింజలు 2¹²⁷ – 1. చెవికి అందని అంకెలు కంటికైనా అందవలెనని ఆ సంఖ్యను ఇక్కడ పూర్తిగా అచ్చువేస్తున్నాము:

170,141,183,460,469,231,731,687,303,715,884,105,727.

ఇందులో ముప్పది తొమ్మిది అంకెలున్నవి. వెనుకటి సంఖ్యవలె ఇది ముక్కలు కాదు. ఒకటితోను తనతోను తప్ప మరి ఏ సంఖ్యతోను ఇది నిశ్శేషముగా భాగింపబడదు. ఇటువంటి దానిని ప్రధాన సంఖ్య అంటారు. ఈ సంగతి 1876వ సంవత్సరములో ఒక ఫ్రెంచి ఉపాధ్యాయుడు కాగితముమీద చేసిన గణితముతో తేల్చినారు. అప్పటికి ఏ విధమైన గణన యంత్రమూ ఇంత పని చేయగల స్థితిలో లేదు. ఆయన అన్ని సంఖ్యలతోను భాగించి చూచినారా? చూడలేదు, చూడడము సాధ్యమూ కాదు. భాగించి చూడకుండానే భాగింపబడదని ఎట్లు చెప్పగలిగినారు? చెప్పినా మనము ఎందుకు నమ్మవలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుదాము.

మొదట సాధారణ మార్గమును చూద్దాము. 97 ప్రధాన సంఖ్యయా కాదా తెలియవలెనంటే 2, 3, 5, 7 లతో భాగించి చూస్తే చాలును. పదకొండుతో చూడనక్కరలేదు, ఎందుకనగా పదకొండు పదకొండ్లు 121, అది 97ను దాటిపోయినది. ఒక సంఖ్య రెండు సంఖ్యల గుణకారమైతే, ఆ రెంటిలో చిన్నది దాని వర్గమూలమును మించదు. కాబట్టి వర్గమూలము వరకు వెదకితే పని ముగియును. మంచి నియమమే, కాని మన ముప్పది తొమ్మిది అంకెల సంఖ్యకు వర్గమూలము ఇరువది అంకెల సంఖ్య. క్షణమునకు ఒక భాగహారము చొప్పున, నిద్రాహారములు మాని చేసినా, అన్నిటిని చూచుటకు ఇంచుమించు 41,000 కోట్ల సంవత్సరములు పట్టును. ఈ విశ్వము వయస్సే సుమారు 1,380 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞుల అంచనా.

శ్రమను తగ్గించే ఉపాయములు లేకపోలేదు. గింజల లెక్కలో వచ్చే ఈ జాతి సంఖ్యలను గురించి ఫ్రాన్సు దేశీయుడు ఫెర్మా 1640లో ఒక చక్కని నియమము చెప్పినారు. గడుల సంఖ్య బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు, మొత్తమును భాగించగల ప్రతి ప్రధాన సంఖ్యయు గడుల సంఖ్యకు రెట్టింపును కొన్ని మార్లు వేసి ఒకటి కలిపినదై ఉండవలెను. ఉదాహరణకు పదకొండు గడులు తీసుకొంటే మొత్తము 2047. అది 23ను 89తో గుణించగా వచ్చినది. ఇరువదిరెండుకు ఒకటి కలిపితే 23. ఇరువదిరెండు నాలుగులకు ఒకటి కలిపితే 89. ఈ నియమమును, దీనికి తోడైన మరొక నియమమును పట్టుకొని స్విట్జర్లాండు దేశమున పుట్టిన ఆయ్లర్ 1772లో 2³¹ – 1, అనగా 2,147,483,647 ప్రధాన సంఖ్య అని తేల్చినారు. ఆ సంఖ్యకు వర్గమూలము నలుబదియారు వేల పైచిలుకు మాత్రమే. వడపోసిన తరువాత మిగిలిన భాజకములను ఓపికతో చూడవచ్చును. అదే వడపోత నూటయిరువదియేడు గడుల సంఖ్యకు వర్తింపజేస్తే 41,000 కోట్ల సంవత్సరముల పని ఇంచుమించు 80 కోట్ల సంవత్సరములకు దిగును. తగ్గినదని సంతోషించుటకు అది చాలదు.

ఈ జాతి సంఖ్యలకు మెర్సెన్ సంఖ్యలని పేరు. మరెన్ మెర్సెన్ పారిస్ నగరమున నివసించిన క్రైస్తవ సన్న్యాసి. తన కాలపు పండితులందరితోను ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, ఒకరి విషయములు మరొకరికి అందజేసిన విద్వాంసుడు. గడుల సంఖ్య ప్రధానము కాకపోతే మొత్తము ప్రధానము కాదని సులభముగా చూపవచ్చును. గడుల సంఖ్య ప్రధానమైనంత మాత్రాన మొత్తము ప్రధానము కానక్కరలేదని ఇంతకుముందు 2047 చూపినది. మరి ఏ ప్రధాన సంఖ్యలకు మొత్తము ప్రధానమగును? 1644లో ప్రకటించిన గ్రంథములో మెర్సెన్ 257 వరకు గల వానిలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అనే పదకొండింటికి మాత్రమే అట్లగునని వ్రాసినారు. నిరూపణ ఇవ్వలేదు. అంత పెద్ద సంఖ్యలను ఆయన పరీక్షించి ఉండలేరని సమకాలికులకు తెలియును. అయినను ఆ జాబితా పెద్దమనిషి మాటగా రెండువందల సంవత్సరములకు పైగా గ్రంథమునుంచి గ్రంథమునకు ఎక్కుతూ వచ్చినది.

వీనిమీద ఇంత ఆసక్తి ఎందుకని ఎవరైనా అడుగవచ్చును. దీనికి మూలము గ్రీకు గణితములో ఉన్నది. 6ను భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3. వాటి మొత్తము మరల 6. 28ని భాగించేవి 1, 2, 4, 7, 14. వాటి మొత్తము 28. ఇటువంటి వానికి పరిపూర్ణ సంఖ్యలని పేరు. గింజల మొత్తము ప్రధాన సంఖ్య అయినప్పుడు, ఆ మొత్తమును చివరి గడిలోని గింజల సంఖ్యతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వచ్చునని యూక్లిడ్ నిరూపించినారు. మూడు గడులకు మొత్తము 7, చివరి గడిలో 4. నాలుగు ఏడులు 28. సరిసంఖ్యలలో పరిపూర్ణమైనవి ఈ మార్గమున తప్ప మరి ఏ విధముగాను రావని ఆయ్లర్ నిరూపించినారు. అందుచేత ఒక కొత్త మెర్సెన్ ప్రధాన సంఖ్య దొరికిన ప్రతిసారి ఒక కొత్త పరిపూర్ణ సంఖ్య దొరికినట్లే.

1876 నాటి కథకు వద్దాము. ఎడ్వార్డ్ లూకా 1842లో ఫ్రాన్సులోని ఆమియాఁ పట్టణమున జన్మించినారు. కొంతకాలము పారిస్ నక్షత్రశాలలో పనిచేసి, 1870లో ప్రష్యాతో జరిగిన యుద్ధములో ఫిరంగిదళపు అధికారిగా ఉండి, తరువాత ఉన్నత పాఠశాలలలో గణితము బోధించినారు. వినోద గణితమంటే ఆయనకు మక్కువ. ఒక కడ్డీమీది బిళ్లలను, చిన్నదానిపై పెద్దది పడకుండా, ఒక్కొక్కటిగా మరొక కడ్డీకి మార్చే హనోయ్ గోపురపు ఆటను 1883లో లోకమునకు ఇచ్చినది ఆయనయే. అరువదినాలుగు బంగారు బిళ్లలను కాశీలోని ఒక ఆలయములో అర్చకులు మారుస్తూ ఉన్నారనే కల్పిత కథ ఆ ఆటతోనే యూరపులో వ్యాపించినది. అరువదినాలుగు బిళ్లలను మార్చుటకు కావలసిన ఎత్తుల సంఖ్య మన చదరంగపు గింజల సంఖ్యతో సరిగా సమానము. బిళ్లలు నూటయిరువదియేడు అయితే కావలసిన ఎత్తులు ఈ ముప్పది తొమ్మిది అంకెల ప్రధాన సంఖ్యయే.

భాజకములను వెదకు మార్గమును లూకా విడిచిపెట్టినారు. ఆయన ఆలోచనను మనము ఎరిగిన పోలికతో చెప్పవచ్చును. కుమ్మరివద్ద కుండ కొనేవారు దానిలో పగులు ఎక్కడున్నదో అంగుళమంగుళము వెదకరు. వేలితో మీటి చూస్తారు. ఖంగుమంటే కుండ గట్టిది. బొంగురుపోతే ఎక్కడో బీట ఉన్నది. ఎక్కడున్నదో తెలియకపోయినా ఉన్నదని మాత్రము నిశ్చయము. సంఖ్యను ఈ విధముగా మీటి చూచే పరీక్షనే లూకా కనిపెట్టినారు. ఆయన తన పరీక్షను నూటయిరువదియేడుకు 3 అనే అంకెతో మొదలుపెట్టినారు. 1930 ప్రాంతమున అమెరికా దేశపు గణితవేత్త డెరిక్ హెన్రీ లెమర్ ఈ పరీక్షను చక్కదిద్ది, బేసి ప్రధాన సంఖ్యలన్నిటికి 4తో మొదలుపెట్టవచ్చునని చూపినారు. నేడు దానిని లూకా–లెమర్ పరీక్ష అంటారు.

పరీక్ష చేయు విధానము ఇది. 4తో మొదలుపెట్టవలెను. దానిని వర్గము చేసి రెండు తీసివేయవలెను. వచ్చినదానిని మనము పరీక్షించే సంఖ్యతో భాగించి శేషమును మాత్రము ఉంచుకోవలెను. ఆ శేషమును మరల వర్గము చేసి, రెండు తీసివేసి, మరల శేషము తీయవలెను. గడుల సంఖ్యకంటె రెండు తక్కువ మార్లు ఇట్లు చేసిన తరువాత చివరి శేషము సున్న అయితే సంఖ్య ప్రధానము, కాకపోతే కాదు.

పాఠకులు కాగితము, పెన్సిలు తీసుకొంటే ఏడు గడుల సంఖ్యను ఇప్పుడే పరీక్షించవచ్చును. ఏడు గడులకు మొత్తము 127. ఐదు మార్లు చేయవలెను. 4 వర్గము 16. రెండు తీస్తే 14. 14 వర్గము 196. రెండు తీస్తే 194. 127తో భాగిస్తే శేషము 67. 67 వర్గము 4489, రెండు తీస్తే 4487, శేషము 42. 42 వర్గము 1764, రెండు తీస్తే 1762, శేషము 111. 111 వర్గము 12,321. రెండు తీస్తే 12,319. ఇది 127 తొంబదియేడులకు సరిగా సమానము, శేషము సున్న. 127 ప్రధాన సంఖ్య. ఇదే పరీక్షను పదకొండు గడుల 2047కు తొమ్మిది మార్లు చేస్తే చివరకు 1736 మిగులును. సున్న కాదు కాబట్టి 2047 ప్రధానము కాదు. ఈ పరీక్షలో 23 అనిగాని 89 అనిగాని ఎక్కడా కనబడలేదని గమనించవలెను.

ఇది మంత్రమువలె ఉన్నదని అనిపించవచ్చును. మంత్రము కాదు, దీని వెనుక ఉన్న వాదము సామాన్యముగా చదువుకొన్నవారికి అందనిదీ కాదు. మొదటి 4ను రెండు భాగములుగా చూడవలెను. 2కు 3 యొక్క వర్గమూలమును కలిపినది ఒకటి. 2నుంచి దానినే తీసివేసినది రెండవది. ఈ రెంటి మొత్తము 4, గుణకారము 1. గుణకారము ఒకటి కాబట్టి, మొత్తమును వర్గము చేసి రెండు తీసివేస్తే ఆ రెండు రాశుల వర్గముల మొత్తము వచ్చును. అనగా మన ప్రతి అడుగును మొదటి రాశిని తనతో తాను ఎన్ని మార్లు గుణించినామో ఆ లెక్కను రెట్టింపు చేస్తూ పోవుచున్నది. ఇదియు ఒక గింజల లెక్కయే.

ఇప్పుడు ఏడు గడుల సంఖ్యనే మరల చూద్దాము. చివరి శేషము సున్న అయినదంటే, మొదటి రాశిని తనతో తాను గుణించుకొంటూ పోయినప్పుడు 64వ మెట్టున ఋణ ఒకటి, 128వ మెట్టున ధన ఒకటి వచ్చునని అర్థము. అంతకుముందే చుట్టు పూర్తి కాదు. ముందే పూర్తి అయితే 64వ మెట్టున ధన ఒకటి రావలసి ఉండును. కాబట్టి చుట్టు తిరిగివచ్చుటకు 128 వేరువేరు మజిలీలు ఉండితీరవలెను. మాటవరుసకు 127కు ఒక భాజకము ఉన్నదనుకొందాము. దానిలో చిన్నది 11ని మించదు. పండ్రెండు పండ్రెండ్లు 144 కదా. 11తో భాగించి శేషములు మాత్రమే ఉంచుకొంటే, మన రాశులలోని రెండు భాగములలో ఒక్కొక్కదానికి పదకొండు విలువలే సాధ్యము. పదకొండు పదకొండ్లు 121. అందులో సున్న పనికిరాదు. మిగిలినవి 120 మజిలీలు. నూటయిరువదిలో నూటయిరువదియెనిమిది ఇమడవు. కాబట్టి భాజకమే లేదు.

నూటయిరువదియేడు గడుల సంఖ్యకును ఇదే వాదము. ఆ సంఖ్య ఎంత పెద్దదైనా, అంతకంటె ఒకటి ఎక్కువ మజిలీలు కావలెను. చిన్న భాజకము ఉన్నదనుకొంటే దొరికే మజిలీలు ఎప్పుడూ చాలవు. ప్రధానమైన ప్రతి సంఖ్యకు చివరి శేషము సున్నయే వచ్చునని చెప్పుటకు మరొక వాదము కావలెను, అదియు నిరూపింపబడినదే.

ఇక మిగిలినది శ్రమ. లూకా 125 మార్లు ముప్పది తొమ్మిది అంకెల సంఖ్యలను వర్గము చేయవలసి వచ్చినది. ప్రతి వర్గములో డెబ్బదియేడు అంకెల వరకు ఉండును. దానిని మరల ముప్పది తొమ్మిది అంకెల సంఖ్యతో భాగించవలెను. ఇక్కడ మెర్సెన్ సంఖ్యల సొంత గుణము ఒకటి ఆయనకు తోడ్పడినది. 7,31,286ను 99తో భాగించగా మిగిలేది తెలియవలెనంటే భాగహారము చేయనక్కరలేదు. రెండేసి అంకెలు విడదీసి 73, 12, 86 కలిపితే 171. మరల 1, 71 కలిపితే 72. అదే శేషము. 99 వందకంటె ఒకటి తక్కువ కాబట్టి ఇట్లు కుదిరినది. సంఖ్యలను పదులతో కాక రెండులతో వ్రాస్తే, 2¹²⁷ – 1తో భాగించుటయు ఇంత సులువే. నూటయిరువదియేడు స్థానములకు మించినదానిని మడిచి మొదటికి తెచ్చి కలిపితే చాలును. అందుకే లూకా ప్రక్కకు 127, నిలువుకు 127 గడులు గల పలకను వివరించినారు. అంకె ఒకటి అయితే గడిలో పావు ఉండును. సున్న అయితే గడి ఖాళీ. గుణకారము పావులను జరుపు ఆటగా మారినది. కొన్ని దశాబ్దముల తరువాత విద్యుద్యంత్రములు సంఖ్యలను ఇదే విధముగా ఒకట్లు, సున్నలతో వ్రాసుకొన్నవి.

మెర్సెన్ జాబితాలో 127ను సరియైనదని నిలబెట్టిన లూకా, అదే 1876లో 67ను తప్పని చూపినారు. 2⁶⁷ – 1 ప్రధానము కాదు. కుండ బొంగురుపోయినది, బీట ఎక్కడున్నదో లూకాకు తెలియదు. ఇరువదియేడు సంవత్సరములు అట్లే గడిచినవి. 1903 అక్టోబరులో న్యూయార్కులో జరిగిన అమెరికా గణిత సంఘపు సమావేశమున ఫ్రాంక్ నెల్సన్ కోల్ నల్లబల్లవద్దకు వెళ్లి, ఒకవైపు 2⁶⁷ – 1ను విప్పి 147,573,952,589,676,412,927 అని వ్రాసి, మరొకవైపు 193,707,721ను 761,838,257,287తో గుణించి అదే సంఖ్యను రాబట్టి, ఒక్క మాట పలుకకుండా వచ్చి కూర్చున్నారని, సభ చప్పట్లు కొట్టినదని చెప్పుకొంటారు. ఆ రెండు సంఖ్యలను పట్టుకొనుటకు మూడేండ్ల ఆదివారములు పట్టినవని ఆయన అన్నారట.

ఈ రెండు పనుల భేదమును గుర్తించవలెను. ఒక సంఖ్య ముక్కలగునని తెలియుట ఒకటి. ఆ ముక్కలేవో తెలియుట మరొకటి. మొదటిది లూకా పరీక్షతో తెలిసినది. రెండవదానికి అంత దగ్గరి దారి నేటికిని సామాన్య యంత్రములకు దొరకలేదు. ముక్కలు ఇచ్చినవారి మాటను మాత్రము ఎవరైనా గుణించి సరిచూడవచ్చును. బ్యాంకుల లావాదేవీలను, ఉత్తరములను ఇతరులు చదువకుండా కాపాడే రహస్య లేఖన పద్ధతులలో పేరుమోసినది ఒకటి ఈ భేదముమీదనే ఆధారపడినది. అందులో రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి గుణకారమును బయటపెట్టుదురు, ముక్కలను దాచుదురు. అయితే ఆ పనికి మన 2¹²⁷ – 1 పనికిరాదు. లోకమంతటికి తెలిసిన తాళపుచెవి ఇంటికి కాపలా కాదు. కాని రహస్య లేఖనపు మరికొన్ని పద్ధతులలో సంఖ్య బహిరంగముగా ఉండవచ్చును. దానితో శేషము తీయుట సులువైతే చాలును. 2015లో ప్రకటితమైన అటువంటి పద్ధతి ఒకదానిలో సరిగా ఈ సంఖ్యనే తీసుకొన్నారు. లూకా పలకమీద పావులను మడిచిన సౌకర్యమే అక్కడ యంత్రమునకు వేగమిచ్చుచున్నది.

మెర్సెన్ జాబితాలో మిగిలిన తప్పులు ఒక్కొక్కటే బయటపడినవి. ఆయన విడిచిపెట్టిన 61ని 1883లో రష్యా దేశపు పెర్వూషిన్ పట్టుకొన్నారు. అమెరికా దేశపు పవర్స్ 1911లో 89ని, 1914లో 107ను చేర్చినారు. ఆయన చేర్చిన 257 నిలువలేదు. 1947 నాటికి 257 వరకు పరీక్ష పూర్తియైనది. పదకొండింటిలో రెండు తప్పు. రావలసినవి మూడు రాలేదు. మూడువందల సంవత్సరముల తరువాత తేలిన లెక్క ఇది.

2¹²⁷ – 1 డెబ్బదియైదు సంవత్సరములు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలోను పెద్దదిగా నిలిచినది. 1951లో ఫ్రాన్సులో ఫెరియే చేతి గణన యంత్రముతో నలుబదినాలుగు అంకెల ప్రధాన సంఖ్యను, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మిల్లర్, వీలర్ అనేవారు విద్యుద్యంత్రముతో డెబ్బదితొమ్మిది అంకెల దానిని కనుగొన్నారు. 1952 జనవరి 30న లాస్ ఏంజలీసులోని యంత్రముమీద, రఫేల్ రాబిన్సన్ వ్రాసిన ఆదేశములతో, లూకా–లెమర్ పరీక్ష మొదటిసారిగా జయప్రదముగా నడచినది. ఆ ఒక్కరోజున 2⁵²¹ – 1, 2⁶⁰⁷ – 1 అనే రెండు దొరికినవి. 1996లో ఆరంభమైన ఒక ప్రయత్నములో వేలకొలది జనము తమ కంప్యూటర్ల ఖాళీ సమయమును ఈ వెదకులాటకు ఇచ్చుచున్నారు. దాని ఫలితముగా 2024 అక్టోబరులో 2ను 136,279,841 మార్లు వేసి ఒకటి తీసివేసిన సంఖ్య ప్రధానమని ప్రకటించినారు. కనుగొన్నవారు అమెరికా దేశీయుడు ల్యూక్ డ్యురంట్. దానిలో అంకెలు 4,10,24,320. దానికి చివరి తీర్పు చెప్పినదియు లూకా–లెమర్ పరీక్షయే. యంత్రము సహాయము ఏమాత్రము లేకుండా చేతి గణితముతో నిరూపితమైన ప్రధాన సంఖ్యలలో 2¹²⁷ – 1ను మించినది లేదు.

లూకా దీర్ఘకాలము జీవించలేదు. 1891లో ఒక విందులో పగిలిన పింగాణీ పళ్లెపు ముక్క చెంపకు తగిలి, గాయము విషమించి, నలుబదితొమ్మిదవ ఏట మరణించినారు.

ఈ సంఖ్యను గూర్చి మరొక సంగతి చెప్పి ముగిస్తాము. రెండు గడులకు మొత్తము 3. మూడు గడులకు 7. ఏడు గడులకు 127. నూటయిరువదియేడు గడులకు మన సంఖ్య. 2, 3, 7, 127, ఆ తరువాత ఇది, అన్నియు ప్రధానములే. ఈ గొలుసును 1876లోనే కాటలాన్ అనే గణితవేత్త గమనించినారు. అయితే తరువాతి కొలికి ప్రధానమగునా? అంటే ఈ ముప్పది తొమ్మిది అంకెల సంఖ్య ఎంతయో అన్ని గడులు గల పలకమీది గింజల మొత్తమును పరీక్షించవలెను. ఆ సంఖ్యను వ్రాయుటకే భూమిమీది కాగితము చాలదు. లూకా–లెమర్ పరీక్ష దానికిని వర్తించును. కాని అన్ని అడుగులు నడచుటకు ఏ యంత్రమునకును ఆయువు లేదు. నాలుగు కొలికులు సరిపోయినవి కాబట్టి ఐదవదియు సరిపోవునని అనుకొనుట సులభము. మెర్సెన్ జాబితా చరిత్ర తెలిసినవారు అట్లు అనుకొనరు. సంఖ్యల విషయమున పెద్దల మాటకంటె, వరుస కుదిరిన అందముకంటె నిరూపణయే ప్రమాణము. ఆ ప్రమాణమును సరిచూచుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఇంటిలోని పాఠశాల పిల్లవాడు కూడ ఒక కాగితముమీద ఐదు మార్లు వర్గము చేసి, చివర సున్న వచ్చినదో లేదో తానే చూచుకోవచ్చును.